‘నీలం స్క్రీన్ ఏమైనా వచ్చిందా?’: లైనక్స్‌కి మారిన ఒక అకౌంటెంట్ సాయం వెతుక్కున్న కథ

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. దానికి ముందూ వెనకా కొన్ని నెలలు నాకు ఊపిరాడలేదు. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే లెక్కలోకి వస్తుంది. అంతకన్నా పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళలో కొందరు విండోస్‌కి బదులు వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ వైపు చూశారు. వాళ్ళకి ఇన్‌స్టాల్ చేసుకోవడం నేర్పి, ఆ తర్వాత రెండు మూడు నెలలు తోడుండటం నా పని. ఇన్‌స్టాల్ ఒక పూటలో అయిపోతుంది. కష్టమంతా ఆ తోడుండటంలోనే.

ఈ కేసు ఒక అకౌంటెంట్‌ది. యాభై దాటిన మనిషి, ఇంటి నుంచే పనిచేస్తారు. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను, ఆవిడని గుర్తుపట్టే వివరాలేవీ పెట్టడం లేదు. ఇందులో నా తప్పు కూడా ఉంది. అది ముందే చెప్పేస్తాను: ఇన్‌స్టాల్ చేయడం నేర్పించి, యూఎస్‌బీ డ్రైవ్ చేతిలో పెట్టి, “నేను మూడు వారాలు అందుబాటులో ఉండనండీ, ఏదైనా వస్తే ఆన్‌లైన్‌లో అడగండి, చెప్పేవాళ్ళు బోలెడంతమంది” అని చెప్పి వచ్చేశాను. ఎక్కడ అడగాలో చెప్పలేదు. ఎలా అడగాలో అసలే చెప్పలేదు. ఇన్నేళ్ళ అలవాటులో అది చెప్పాల్సిన విషయమని నాకు తట్టనే లేదు.

తిరిగొచ్చాక ఆవిడ ఒక నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టారు. తేదీ, టైమ్, ఏం చేశారు, ఏం వచ్చింది, అన్నీ ఉన్నాయి. క్యాష్‌బుక్ రాసినట్టే రాశారు. ఈ కేసు ఇంత వివరంగా రాయగలుగుతున్నానంటే ఆ నోట్‌బుక్ చలవే.

నోట్‌బుక్‌లో ఉన్నది

మొదటి రోజు. లైనక్స్‌లో చాలా రకాలున్నాయి, వాటిని డిస్ట్రోలంటారు. వాటిలో ఒకటైన లైనక్స్ మింట్ 22.2, సినమన్ ఎడిషన్ ఎక్కింది. అంతా బాగుంది, ఒక్క వైఫై తప్ప. నెట్‌వర్క్ గుర్తు మీద నొక్కితే చుట్టుపక్కల ఒక్క కనెక్షన్ కూడా కనబడదు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకున్నారు, దాంతో నెట్ వచ్చింది. ఇది ఆవిడకి సొంతంగా తట్టిన ఉపాయం. విన్నాక నాకు ముచ్చటేసింది.

రెండో రోజు ఒక వీడియో చూశారు. కెర్నెల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) కొత్తది పెడితే వైఫై వచ్చేస్తుందని అందులో చెప్పారు. పెట్టారు, రాలేదు. మూడో రోజు సెర్చ్‌లో పైనే దొరికిన ఒక జవాబు చూసి అందులోని నాలుగు కమాండ్లు కొట్టారు. ఆ జవాబు రాసి పదేళ్ళు దాటింది. పైగా అది ఆవిడ వైఫై చిప్ చేసిన కంపెనీదే అయినా, వేరే రకం చిప్పులకి సంబంధించిన ఫర్మ్‌వేర్ (చిప్‌ని నడిపే చిన్న ప్రోగ్రామ్). నష్టం ఏమీ జరగలేదు, లాభమూ లేదు. అదే రోజు సాయంత్రం ఇంకో చోట చదివి, తన చిప్‌కి సరిగ్గా సరిపోయే డ్రైవర్ ప్యాకేజీని టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) ఎక్కించారు. అంటే మూడో రోజుకే ముప్పాతిక పని అయిపోయింది. ఆ సంగతి ఆవిడకి తెలియదు. రీస్టార్ట్ చేసినా వైఫై రాలేదు కాబట్టి అది కూడా పనికిరాని జవాబేనని నోట్‌బుక్‌లో ఇంటూ కొట్టేశారు.

నాలుగో రోజు మొదటిసారి ఒక ప్రశ్నోత్తరాల సైట్‌లో అడిగారు. ఆ సైట్ ఉబుంటు అనే డిస్ట్రో వాడేవాళ్ళ కోసం నడుస్తుంది. “మింట్ కూడా ఉబుంటు మీద కట్టిందే కదా” అనుకున్నారు, తప్పుగా అనుకోలేదు కూడా. కానీ కొద్ది నిమిషాల్లోనే ప్రశ్న మూసేశారు. కారణం ఒక వాక్యం: ఇది ఈ సైట్ పరిధిలోకి రాదు. నోట్‌బుక్‌లో ఆ పేజీలో ఒకే ముక్క రాసి ఉంది: “తలుపు దగ్గరే ఆపేశారు.”

ఐదో రోజు ఒక పెద్ద సోషల్ మీడియా గ్రూప్. లక్షల్లో సభ్యులు. అక్కడ జవాబులకి కొదవ లేదు, గంటలో ఇరవై పైనే. ఒకరు వేరే డిస్ట్రో వేసుకోమన్నారు. ఇంకొకరు తిరిగి విండోస్‌కే పొమ్మన్నారు. ఇద్దరు డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ల (తెర, మెనూలు కనబడే తీరు) గురించి వాదన పెట్టుకున్నారు, చివరికి ప్రశ్న అడిగిందెవరో అందరూ మర్చిపోయారు. ఒకరు మాత్రం “లైనక్స్‌తో కుదిరే చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనుక్కోండి, తలనొప్పి వదులుతుంది” అన్నారు. నిజం చెప్పాలంటే అది చెడ్డ సలహా కాదు. నేనూ చాలామందికి అదే చెబుతాను. కానీ ఆ గోలలో అది ఆవిడ కంటికి ఆనలేదు.

ఆ రాత్రే ఇన్‌బాక్స్‌లో ఒక మెసేజ్: “మీ సమస్య నేను ఐదు నిమిషాల్లో సరిచేస్తాను, రిమోట్ యాక్సెస్ ఇవ్వండి.” ఆవిడ ఇవ్వలేదు. క్లయింట్ల లెక్కలన్నీ ఉన్న మెషీన్ అది. ఎవరు అడిగినా ఇవ్వకూడదనేది ఆవిడ వృత్తిలో ఒంటబట్టిన జాగ్రత్త. నేను చెప్పిన పాఠం కాదు, ఆ ఘనత నాకు అక్కర్లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు “హెల్ప్, అర్జెంట్” అని రాసిన ప్రతి చోటా ఇలాంటివాళ్ళు కాచుకుని ఉంటారు. నిజంగా సాయం చేసేవాళ్ళు అందరి ముందే జవాబిస్తారు. తప్పు చెబితే పక్కవాళ్ళు దిద్దుతారనే ఇబ్బంది వాళ్ళకి ఉండదు.

ఆరో రోజు ఒక ఏఐ చాట్‌బాట్‌ని అడిగారు. అది చాలా మర్యాదగా, చాలా ధీమాగా, వేరే డిస్ట్రో ప్యాకేజీ మేనేజర్ (ప్రోగ్రాములు ఎక్కించే టూల్) కమాండ్ ఇచ్చింది. “కమాండ్ నాట్ ఫౌండ్” అని వచ్చింది. ఆ రోజు ఎంట్రీ అంతే.

తర్వాత రెండు పేజీలు ఖాళీ.

తొమ్మిదో రోజు

ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి పక్కన పెట్టేశానని తర్వాత చెప్పారు. తొమ్మిదో రోజు ఇన్‌వాయిస్‌లు పంపాల్సి వచ్చి మళ్ళీ తీశారు. మెనూలో ఏదో వెతుకుతుంటే వెల్‌కమ్ స్క్రీన్ అనే ప్రోగ్రామ్ కంటబడింది. మింట్ మొదటిసారి తెరుచుకున్నప్పుడు వచ్చేది అదే. మొదటి రోజే ఆవిడ దాన్ని, మళ్ళీ రాకుండా కింద టిక్ కూడా తీసేసి, మూసేశారు. అందులో డాక్యుమెంటేషన్, ఫోరమ్, చాట్ రూమ్ లింకులన్నీ వరసగా ఉన్నాయి. ఎనిమిది రోజులు ఊరంతా తిరిగి వెతికిన చిరునామా, మొదటి రోజు మూసేసిన కిటికీలోనే ఉంది.

ఇది ఈవిడ ఒక్కరి విషయమే కాదు. వెల్‌కమ్ స్క్రీన్ చదివినవాళ్ళు నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఏళ్ళ తరబడి ‘నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్’ కొట్టిన చేతులు కదా.

ఫోరమ్‌లో చేరారు కానీ వెంటనే అడగలేదు. తలుపు దగ్గర ఒకసారి ఆపేశారుగా, ఆ బెదురు. రెండు రోజులు ఊరికే చదివారు. నా లెక్కలో ఈ కేసు మలుపు తిరిగింది అక్కడే. వైఫై ప్రశ్నలు పది చదివేసరికి ఆవిడకి ఒక సంగతి అర్థమైంది: జవాబిచ్చేవాళ్ళు ప్రతిసారీ ముందుగా ఒకటే అడుగుతున్నారు. సిస్టమ్ రిపోర్ట్ పెట్టండి అని. మింట్‌లో సిస్టమ్ రిపోర్ట్స్ అనే టూల్ ఉంది. అందులో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ దగ్గర నొక్కితే మెషీన్ జాతకమంతా కాపీ అవుతుంది. టెర్మినల్ అలవాటున్నవాళ్ళు ఇన్‌క్సీ అనే కమాండ్‌తో అదే పని చేస్తారు. దానికి జెడ్ ఆప్షన్ చేరిస్తే మ్యాక్ అడ్రస్, సీరియల్ నంబర్ లాంటివి దాచిపెడుతుంది కాబట్టి నలుగురిలో పెట్టడానికి భయం అక్కర్లేదు. అందులో వైఫై చిప్ పక్కన నాలుగు అక్షరాలు, ఒక కోలన్, మళ్ళీ నాలుగు అక్షరాల కోడ్ ఒకటి ఉంటుంది. ముందు భాగం తయారీదారుది, వెనక భాగం ఆ మోడల్‌ది. ల్యాప్‌టాప్ మీద ఏ స్టిక్కర్ ఉన్నా జవాబిచ్చేవాళ్ళ చూపు నేరుగా ఈ కోడ్ మీదికే పోతుంది. సెర్చ్‌లో కూడా ల్యాప్‌టాప్ పేరుకన్నా ఈ కోడ్ కొడితేనే పని జరుగుతుంది.

ఆవిడ రెండు ప్రశ్నలూ పక్కపక్కన పెడతాను. రెండూ ఇంగ్లీషులోనే రాశారు, నేను తెలుగులో చెబుతున్నాను.

నాలుగో రోజుది: “హెల్ప్!!! అర్జెంట్. మింట్‌లో కెర్నెల్ ఇంకెలా మార్చాలి? అన్నీ ట్రై చేశాను, ఏదీ పని చేయడం లేదు. నేను టెక్నికల్ మనిషిని కాదు, దయచేసి ఎవరైనా సాయం చేయండి.”

పదకొండో రోజుది: “మింట్ 22.2 సినమన్: డ్రైవర్ ఎక్కింది, వైఫై మాత్రం కనబడటం లేదు. విండోస్‌లో ఇదే ల్యాప్‌టాప్‌లో వైఫై బాగానే వచ్చేది. ఫోన్ టెథరింగ్‌తో నెట్ ఉంది. మొదట కొత్త కెర్నెల్ పెట్టాను, తేడా లేదు. తర్వాత ఫలానా ఫర్మ్‌వేర్ ప్యాకేజీ, ఆ తర్వాత ఫలానా డ్రైవర్ ప్యాకేజీ పెట్టాను. రిపోర్ట్ కింద ఇస్తున్నాను.”

మొదటిదాంట్లో వైఫై అనే మాటే లేదు. గమనించారా? వీడియోలో చూసిన మందు పేరు చెప్పి అది ఎలా మింగాలో అడిగారు, జ్వరం సంగతి చెప్పలేదు. లైనక్స్ సమాజాల్లో దీన్ని ఎక్స్‌వై ప్రాబ్లమ్ అంటారు: ఉన్న సమస్య ఎక్స్, దానికి విరుగుడని మనమే ఊహించుకున్నది వై. అడగడం మాత్రం వై గురించి అడుగుతాం. జవాబిచ్చేవాళ్ళు వైకి జవాబిస్తారు, ఎక్స్ అక్కడే ఉండిపోతుంది. రెండోదాంట్లో క్షమాపణలూ లేవు, ఆశ్చర్యార్థకాలూ లేవు. ఇంగ్లీషు కూడా పొట్టి పొట్టి వాక్యాలే, ఒకటి రెండు తప్పులు ఉన్నాయి. ఎవరూ పట్టించుకోలేదు. మింట్ ఫోరమ్‌లో ఇంగ్లీషు కాని భాషలకి విభాగాలు కూడా ఉన్నాయి. అసలు అలాంటి చోట్ల రాసేవాళ్ళలో ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు ఎంతోమంది. “నా ఇంగ్లీష్ బాగోదండీ” అని ఆగిపోయేవాళ్ళకి నేనెప్పుడూ చెప్పేది, ఎర్రర్ మెసేజ్ ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంది, దాన్ని యథాతథంగా అతికించండి, సగం ప్రశ్న అదే.

నీలం స్క్రీన్

గంట తిరక్కుండా ఒకరు స్పందించారు. జవాబు ఇవ్వలేదు, రెండు ప్రశ్నలు వేశారు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా? డ్రైవర్ పెట్టాక రీస్టార్ట్ చేసినప్పుడు నీలం స్క్రీన్ ఏమైనా వచ్చిందా?

వచ్చింది. మూడో రోజు రాత్రే వచ్చింది. నోట్‌బుక్‌లో ఒక మూల చిన్న అక్షరాలతో ఉంది కూడా: “నీలం స్క్రీన్. పవర్ ఆఫ్ చేశాను.” విండోస్‌లో నీలం స్క్రీన్ అంటే సిస్టమ్ కుప్పకూలిందని కదా! ఆవిడ గుండె ఝల్లుమంది, బటన్ నొక్కిపట్టి ఆపేశారు. మళ్ళీ ఆన్ చేస్తే మామూలుగానే తెరుచుకుంది, పీడా పోయిందనుకున్నారు. ఏ ప్రశ్నలోనూ ఆ సంగతి రాయలేదు, వైఫైకీ దానికీ సంబంధం ఏముంటుందని.

సంబంధం అక్కడే ఉంది. సెక్యూర్ బూట్ అంటే మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు కాపలా కాసే ఏర్పాటు. అది ఆన్‌లో ఉంటే, నమ్మకమైన సంతకం లేని డ్రైవర్ మాడ్యూల్‌ని కెర్నెల్ లోపలికి రానివ్వదు. ఈ చిప్ డ్రైవర్ కెర్నెల్‌తో పాటు వచ్చేది కాదు, ఆవిడ మెషీన్ మీదే అప్పటికప్పుడు తయారవుతుంది. కాబట్టి దాని మీద సంతకం కూడా ఆ మెషీన్ సొంత తాళంచెవితోనే పడుతుంది. ఆ తాళంచెవిని “ఇది నాదే, నమ్ము” అని ఒకసారి నమోదు చేయాలి. అందుకే డ్రైవర్ పెట్టేటప్పుడు టెర్మినల్‌లో ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ తర్వాత రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వస్తుంది. అందులో ‘ఎన్‌రోల్ మోక్’ (మోక్ అంటే మెషీన్ ఓనర్ కీ, ఆ తాళంచెవే) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. కొద్ది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే దాని దారిన అది వెళ్ళిపోతుంది. ఆపేసినా అంతే, ఆ నమోదు అవకాశం పోతుంది. మళ్ళీ అడిగించుకోవాలంటే వేరే కమాండ్ ఇవ్వాలి.

డ్రైవర్‌ని చేత్తో లోడ్ చేయించి చూడమన్నారు ఫోరమ్‌లో. “కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్” అని వచ్చింది. దాంతో అనుమానం తీరిపోయింది. నమోదుని మళ్ళీ అడిగించే కమాండ్ ఇస్తూ ఒక చిన్న మాట చేర్చారు: పాస్‌వర్డ్ అంకెలతోనే పెట్టండి, ఆ నీలం స్క్రీన్‌లో మీ కీబోర్డ్ లేఅవుట్ మారిపోయి ఉండొచ్చు. ఈ ముక్క నాకు చాలా నచ్చింది. ఇది మాన్యువల్ చదివినవాళ్ళు చెప్పే మాట కాదు, అక్కడ ఒకసారి ఇరుక్కున్నవాళ్ళు చెప్పే మాట.

ఈసారి నీలం స్క్రీన్ వస్తే ఆవిడ పారిపోలేదు. వైఫై వచ్చింది. శీర్షికకి ముందు ‘సాల్వ్‌డ్’ అని చేర్చారు, ఏది పనిచేసిందో కింద నాలుగు లైన్లు రాశారు. నోట్‌బుక్‌లో మాత్రం “టాలీ అయింది” అని ఉంది.

నేను చూసిన తీరు

ఈ ల్యాప్‌టాప్ నా ముందు ఉంటే పావుగంట పని. ఆ మాట ఆవిడతో అనలేదు, అనాల్సింది కూడా కాదు. పావుగంటలో నేను చేసేస్తే పన్నెండో సమస్యకి కూడా నా ఫోనే మోగుతుంది.

ప్రశ్న మూసేసిన సైట్ మీద ఆవిడకి ఇప్పటికీ కోపమే. నాకు లేదు. పరిధి గట్టిగా పట్టుకుంటారు కాబట్టే అక్కడి పాత జవాబులు వెతికితే దొరుకుతాయి, పనికొస్తాయి. కాకపోతే మూసేసేటప్పుడు ‘ఫలానా చోట అడగండి’ అని ఒక లింకు పడేస్తే వాళ్ళ సొమ్మేం పోదు. కొన్నిసార్లు పడేస్తారు, ఈసారి పడేయలేదు.

కొత్తవాళ్ళకి బంధుత్వాల లెక్క తెలియాలి. మింట్ 22 సిరీస్ ఉబుంటు 24.04 మీద నిలబడింది. కాబట్టి డ్రైవర్లు, ప్యాకేజీల లాంటి కింది అంతస్తు విషయాల్లో ఆ వెర్షన్ ఉబుంటు జవాబులు చాలావరకు మింట్‌కీ నప్పుతాయి. అంటే అక్కడ చదువుకోవచ్చు, అడగడం మాత్రం మింట్ వాళ్ళనే అడగాలి. డెబియన్ అనే ఇంకో డిస్ట్రో మీద నేరుగా కట్టిన మింట్ ఎడిషన్ ఇంకొకటి ఉంది, ఎల్‌ఎమ్‌డీఈ అంటారు. అది వాడేవాళ్ళకి ఈ లెక్క వర్తించదు. ఆర్చ్ అనే డిస్ట్రో వాళ్ళ ఆర్చ్ వికీ ఇంకో రకం. ఆర్చ్ వాడకపోయినా ఒక విషయం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి దానంత మంచి చోటు తక్కువ, ప్యాకేజీ కమాండ్లు మాత్రం మనవి కావు. కానీ ఆర్చ్ ఫోరమ్‌లో మింట్ ప్రశ్న వేస్తే తలుపు దగ్గరే ఆపేస్తారు. వాళ్ళ నియమమే అది. ఇక ప్రోగ్రామ్ సమస్య అయితే ఆ ప్రోగ్రామ్ వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. నెల తర్వాత ఆవిడ ఎక్సెల్ మాక్రో ఒకటి లిబ్రేఆఫీస్ కాల్క్‌లో మొరాయిస్తే మింట్ ఫోరమ్ జోలికి పోలేదు, నేరుగా ఆస్క్ లిబ్రేఆఫీస్‌లో అడిగారు. నేను చెప్పకుండానే.

ఒక సమాజం మంచిదో కాదో సభ్యుల సంఖ్య చూస్తే తెలియదు. నేను చూసేది వేరే. వారం కిందటి ప్రశ్నలు తెరిచి, అడిగినవాళ్ళు మళ్ళీ వచ్చి ‘పనిచేసింది’ అనో ‘పనిచేయలేదు’ అనో రాశారా అని చూస్తాను. అలా ఎవరూ తిరిగి రాని చోట జవాబులు గాలిలో కలిసిపోయినట్టే. ఇంకొకటి, అధ్వాన్నంగా రాసిన ప్రశ్న ఒకదాన్ని వెతికి పట్టుకుని దాని కింద ఏం జరిగిందో చదువుతాను. ఓపికగా ‘రిపోర్ట్ పెట్టండి’ అన్నారా, ఎగతాళి చేశారా? రేపు మనం అలసిపోయి రాసే ప్రశ్న కూడా అలాగే ఉంటుంది కదా.

చాట్ గ్రూపుల గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. డిస్కార్డ్, టెలిగ్రామ్ లాంటి వాటిలో పలకరింపు త్వరగా దొరుకుతుంది, ఒంటరితనం పోతుంది, అది చిన్న విషయమేమీ కాదు. కానీ అక్కడి జవాబు మూడు రోజులకి కింద ఎక్కడో పూడుకుపోతుంది, సెర్చ్ ఇంజన్‌లో మామూలుగా దొరకదు. నేనూ నా దగ్గర నేర్చుకున్నవాళ్ళకి ఒక గ్రూప్ పెట్టాను. ప్రింటర్ ప్రశ్న ఒక్కటే ఎన్నిసార్లు వచ్చిందో! చివరికి జవాబులు నేనొక్కడినే ఇస్తున్నానని గమనించి మూసేశాను.

అడగడం తక్కువతనం అనుకునేవాళ్ళకి నేను చెప్పే కథ ఒకటుంది. 1991 జూలైలో లినస్ టోర్వాల్డ్స్ మినిక్స్ అనే సిస్టమ్ వాడేవాళ్ళ న్యూస్‌గ్రూప్‌లో (అప్పటి ఆన్‌లైన్ చర్చా వేదిక) ఒక ప్రశ్న వేశాడు, పోసిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రమాణాల పత్రం ఎక్కడ దొరుకుతుందని. ఆగస్టు 25న అదే చోట, తానొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాననీ, మినిక్స్‌లో మీకు నచ్చేవీ నచ్చనివీ చెప్పమనీ అడిగాడు. ఇప్పుడు మనం లైనక్స్ అంటున్నది అదే. ఆయనా సరైన గుంపు దగ్గరికే వెళ్ళాడు, ఏం కావాలో నేరుగా అడిగాడు.

నేను మార్చుకున్నది

ఇప్పుడు యూఎస్‌బీ డ్రైవ్‌తో పాటు ఒక కాగితం ఇస్తున్నాను. అందులో మూడు చిరునామాలే ఉంటాయి: వాళ్ళ డిస్ట్రో ఫోరమ్, వాళ్ళు రోజూ వాడే ప్రోగ్రామ్ సమాజం, చదువుకోవడానికి మాత్రమే ఒక వికీ. నా నంబర్ వెనకవైపు రాస్తాను. ఇన్‌స్టాల్ అయిన రోజే, సమస్య ఏదీ లేకపోయినా, ఫోరమ్‌లో ఖాతా తెరిపించి సిస్టమ్ రిపోర్ట్ కాపీ చేయడం ఒకసారి చేయిస్తాను. నిప్పు అంటుకున్నాక బావి తవ్వే పని పెట్టకూడదని. టైమ్‌షిఫ్ట్ అనే టూల్‌లో ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణానికి సిస్టమ్ నకలు) తీయించడం కూడా ఆ పూటే. ఎవరో చెప్పిన కమాండ్ కొట్టి సిస్టమ్ ఫైళ్ళు చెడగొట్టుకున్నా వెనక్కి రావచ్చని తెలిస్తే అడిగేటప్పుడు టెన్షన్ సగం తగ్గుతుంది. సొంత ఫైళ్ళకి బ్యాకప్ వేరే తీసుకోవాలి, మామూలుగా టైమ్‌షిఫ్ట్ వాటి జోలికి పోదు.

నీలం స్క్రీన్ గురించి కూడా ముందే చెబుతున్నాను. ఫొటో చూపించి మరీ.

ఆవిడ ల్యాప్‌టాప్‌లో ఒకటి మిగిలిపోయింది, వేలిముద్ర సెన్సర్. ఈసారి నన్ను అడగలేదు. కోడ్ పట్టుకుని తానే వెతికి, ఫోరమ్‌లో అడిగారు. రెండు లైన్ల జవాబు వచ్చింది: లిబ్‌ఎఫ్‌ప్రింట్ (లైనక్స్‌లో వేలిముద్ర సెన్సర్లని నడిపే సాఫ్ట్‌వేర్) వాళ్ళ జాబితాలో ఈ సెన్సర్ లేదు, ప్రస్తుతానికి కుదరదు. నేనైతే మొహమాటానికి ఒక ఆదివారం దాని మీద తగలేసేవాణ్ణి. ఆవిడ నోట్‌బుక్‌లో ఆ ఎంట్రీ పక్కన ‘రానిబాకీ’ అని రాసి కొట్టేశారు, సెన్సర్ మీద చిన్న స్టిక్కర్ అంటించారు.